శివమ్మ కూలి

గాలి కొట్టింది పావుగంటే. మే నెల రెండో వారంలో ఒక సాయంత్రం, నాలుగున్నర కావస్తుండగా శామీర్‌పేట చెరువు దిక్కు నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. శ్రీజ అప్పుడు మేడ్చల్‌లో, తాను పనిచేసే జిరాక్స్ షాపులో షట్టరు సగం దించుకొని కూర్చుంది. కరెంటు పోయింది. ఎదురుగా బ్యాంకు మీది బోర్డు ఊడి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. గాలి ఆగిన కాసేపటికి ఫోను మోగింది. చేసింది పక్కింటి విజయమ్మ. మీ మీది రూము రేకులు లేచి బడి గ్రౌండులో పడ్డాయి, మీ బాపుకు ఏం కాలేదు, జల్దీ రమ్మని చెప్పి పెట్టేసింది.

షేర్ ఆటో దిగి ఇంటికి వచ్చేసరికి వాన కూడా వెలిసింది. మేడ మీద తండ్రి యాదగిరి ఒక్కడే నిలబడి ఉన్నాడు. పైన రేకులు లేవు, ఇనుప పైపుల్లో రెండు వంగి వేలాడుతున్నాయి, నీళ్ల ట్యాంకు పగిలి పిట్టగోడ మీద బోర్లా పడి ఉంది. ఆయన వాటిలో దేన్నీ చూడటం లేదు. తూర్పు గోడకు అరచెయ్యి ఆనించి, ఆ గోడనే చూస్తున్నాడు.

పైపుల కొసలు ఆ గోడలోనే దిగేసి ఉండేవి. గాలి రేకుల్ని ఎత్తినప్పుడు పైపులు గోడను పెకలించినంత పని చేశాయి. రెండు మూలల్లోనూ పక్క గోడల్ని వదిలేసి, తూర్పు గోడ మొత్తానికి మొత్తం జానెడు బయటికి ఒరిగింది. దాని కింద విజయమ్మ వంటిల్లు ఉంది, రేకులదే.

శ్రీజకు ఏడుపొచ్చింది. యాదగిరి మాత్రం గోడ మీద నుంచి చెయ్యి తీసి, ఆ చేతినే లుంగీకి తుడుచుకొని, బిడ్డ దిక్కు తిరిగాడు.

"పరేషాన్ గాకు. ఇన్సూరెన్స్ ఉన్నది గద."

ఆ గోడ శివమ్మ కట్టింది.

కట్టుబడి పనిలో ఆడవాళ్లు తాపీ పట్టరు. ఇసుక జల్లెడ పడతారు, సిమెంటు మాలు కలుపుతారు, ఇటుకలు నెత్తిన మోసి మూడో అంతస్తు దాకా ఎక్కిస్తారు, నీళ్లు కొడతారు. గోడ మాత్రం మేస్త్రీ కడతాడు. కూలి కూడా దాని ప్రకారమే, మేస్త్రీకి ఎనిమిది వందలైతే ఆడమనిషికి నాలుగు వందలు. యాదగిరి మేస్త్రీ. పొద్దున ఆరింటికి గండిమైసమ్మలో కూలీల అడ్డా మీద నిలబడి, దుండిగల్ దిక్కు లేచే కొత్త కాలనీల్లో పనికి పోయేవాడు. పంతొమ్మిదేళ్లు ఆయన భార్య శివమ్మ ఆయన వెంటే పోయి, ఆయనకు ఇటుక అందించింది. సాయంత్రం ఊళ్లోవాళ్ల ఇళ్లు కట్టి వచ్చి, పొద్దుండగా ఒక గంట, ఆదివారాలు పూర్తిగా, ఇద్దరూ కలిసి తమ ఇల్లు కట్టుకున్నారు. కింద రెండు గదులకు స్లాబు పడేసరికి ఎనిమిదేళ్లు పట్టింది. పైన రేకుల గది లేచేసరికి ఇంకో మూడేళ్లు.

ఆ పై గదికి మూడు గోడలు లేచాక శివమ్మ తట్ట కింద పెట్టి, ఇన్నేళ్లలో లక్ష ఇటుకలు అందించి ఉంటాను, ఒక్క గోడ నాకియ్యి అని అడిగింది. యాదగిరి నవ్వి తాపీ ఆమె చేతిలో పెట్టాడు. తాను రెండు రోజుల్లో లేపే గోడకు ఆమె తొమ్మిది రోజులు తీసుకుంది. ఇటుక పెట్టేది, తీసేది, మళ్లీ పెట్టేది. అప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న శ్రీజ ఇటుకలు అందించబోతే, చదువుకునే చేతులు పాడైతాయని తల్లి కసిరేది. సగం లేచాక యాదగిరి దారానికి గుండు కట్టి వేలాడదీసి చూశాడు. నడుమ కొంచెం ఉబ్బింది. కూలగొట్టి మళ్లీ కడదామన్నాడు.

"శ్రీజ కడుపుల ఉన్నప్పుడు నా కడుపు గూడ గిట్లనే ఉండె. అప్పుడు కూలగొట్టినవా?" అంది శివమ్మ.

ఆ మాటను ఆయన అడ్డా మీద వారం రోజులు చెప్పుకొని నవ్వాడు. గోడ అలాగే ఉండిపోయింది. లోపలి వైపు సున్నం, సిమెంటు ఏదీ పూయనియ్యలేదు. ఇంటికి ఎవరొచ్చినా పైకి తీసుకుపోయి, ఇది మా ఇంటామె కట్టుబడి అని ఇటుకల వరసలు చూపించేవాడు.

రేకులు వేసిన అయిదో నెలలో శివమ్మకు కామెర్లు వచ్చాయి. రెండు ఆసుపత్రులు తిప్పారు. ఒంటి మీది బంగారం పోయింది, ఆమె కూడా పోయింది.

ఇన్సూరెన్స్ సంగతి ఆ మరుసటి ఏడు వచ్చింది. ఊళ్లో పాలసీలు చేయించే కుమార్ అనే అతను ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. ఎడ్లకు చేయిస్తారు, మోటారు బండికి చేయిస్తారు, ఇంటికెందుకు చేయించరు మేస్త్రీ అన్నాడు. యాదగిరి మామూలుగా ఇలాంటివాళ్లను గడప దాటనియ్యడు. ఆ రోజు మాత్రం కూర్చోబెట్టాడు. గాలికి, నిప్పుకు, వరదకు అన్నిటికీ వస్తుందా అని అడిగాడు. అన్నిటికీ వస్తుందన్నాడు కుమార్. టేపు పట్టి కొలిచి, ఇల్లు ఇరవై లక్షలు చేస్తుందని లెక్క కట్టాడు. జాగ ధర ఇందులో రాదు, ఇల్లు పడిపోతే మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు మాత్రమే అని వివరంగానే చెప్పాడు.

యాదగిరి ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందుల ఎవరి కూలి గట్టినవ్?"

మేస్త్రీ కూలి, ఆడకూలి అన్నీ కలిపే గజానికి ఇంత అని ఉంటుందన్నాడు కుమార్. అలా కాదన్నాడు యాదగిరి. ఈ ఇల్లు కట్టింది ఇద్దరు. పదకొండేళ్లు ఆమె ఒక్క ఆదివారం ఇంట్లో కూర్చోలేదు. బయట ఆమెకు సగం కూలి ఇచ్చారు, తాను కూడా ఏనాడూ ఇదేందని అడగలేదు. తన ఇంటి కాగితంలో సగం రాస్తే ఒప్పుకోనన్నాడు. ఇరవై తన కూలి కింద రాసి, ఇంకో ఇరవై శివమ్మది రాయమన్నాడు. ప్రీమియం పెరుగుతుందని కుమార్ నసిగాడు. పెరగనియ్యమన్నాడు. ఎక్కువ రాయించుకుంటే ఎక్కువ వస్తుంది, మంచిదే కదా అన్నాడు కుమార్ చివరికి. అతనికీ అందులో నష్టమేం లేదు.

ఫారం నింపింది శ్రీజ. అప్పటికి ఇంటర్ మొదటి సంవత్సరం. గుండ్రటి చేతిరాతతో నలభై లక్షలు అని అంకెల్లో, అక్షరాల్లో రాసింది. ఆ తర్వాత ఏటా జూన్ నెలలో పాలసీ మళ్లీ కట్టే రోజు యాదగిరి కొత్త కాగితం తెప్పించుకొని, మొదటి పేజీలో ఆ అంకె ఉన్న చోటు చూపించమనేవాడు. శ్రీజ చూపించేది. ఆ పేజీ తప్ప మిగతా ఇరవై రెండు పేజీలు ఇద్దరూ ఎన్నడూ తిప్పలేదు.

గాలివాన వెలిసిన నాలుగో రోజు సర్వేయర్ వచ్చాడు. నెమ్మదస్తుడు. వంగిన పైపులు, పగిలిన ట్యాంకు, ఒరిగిన గోడ అన్నీ కొలిచి ఫోటోలు తీసుకున్నాడు. గోడను ముట్టుకోకుండా కట్టెలతో ఆపు పెట్టమని, వానలు పడేలోపు ఏదో ఒకటి చేయమని చెప్పాడు. నష్టం లక్షా డెబ్బై వేల దాకా రాస్తున్నాను, కంపెనీ కటింగులు పోను మీకు వస్తుంది అన్నాడు. యాదగిరి చెవికి లక్షా డెబ్బై ఒక్కటే ఎక్కింది. కటింగులంటే నాలుగైదు వేలు పోతాయేమో, పోనీ అనుకున్నాడు.

అదే సాయంత్రం విజయమ్మ వంటింటి పక్క నుంచి గోడకు సరుగుడు కట్టెలు ఆపు పెట్టాడు. పదిహేను రోజులు ఓపిక పట్టమని ఆమెను అడిగాడు. రెండు మూలల్లో సన్న పిల్లర్లు లేపి, గోడ నెత్తిన సిమెంటు బెల్టు వేసి, మూడు దిక్కులా కలిపి బిగిస్తే ఆ గోడ ఇంకో యాభై ఏళ్లు కదలదని, చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆయన అంత ఉషారుగా మాట్లాడటం శ్రీజ చూసి చాలా రోజులైంది. విజయమ్మ పొయ్యి ముందు గదిలోకి మార్చుకుంది. ఆమెకు నోరు ఊరుకోదు.

"మేస్త్రీ, నీ గోడ వచ్చి నా పప్పుల పడ్డదనుకో, ఆ పప్పు పైసలు గూడ నీ కంపెనే ఇస్తదా?"

"పప్పుకిస్తది, తాలింపుకియ్యది" అన్నాడు యాదగిరి.

పదకొండో రోజు మధ్యాహ్నం కంపెనీ ఉత్తరం శ్రీజ ఫోనుకు వచ్చింది. షాపులో గిరాకీ లేని సమయం. తానే ప్రింటు తీసుకొని చదివింది. రోజూ పదిమంది కాగితాలు చదివిపెట్టే మనిషి కదా, ఆ ఇంగ్లిషు ఆమెకు కొత్తేమీ కాదు. నష్టం అంచనా లక్షా డెబ్బై వేలు అని ఉంది. దాని కింద, పాలసీదారు భరించవలసిన భాగం రెండు లక్షలు అని ఉంది. దాని కింద, చెల్లించదగిన మొత్తం దగ్గర సున్న.

అచ్చు తప్పేమో అనుకుంది. మొత్తం నష్టమే లక్షా డెబ్బై అయితే, అందులో భాగం రెండు లక్షలు ఎట్లా అవుతుంది. కుమార్‌కు ఫోను చేసింది. గాలివానకు వేరే రూలుంటుంది, డిడక్టిబుల్ అంటారు, నాకంత వివరం తెలియదు, సుచిత్ర సెంటర్లో కంపెనీ ఆఫీసుంది, అక్కడ అడగమని చెప్పి, ఎవరో పిలుస్తున్నారంటూ పెట్టేశాడు.

మర్నాడు షాపుకు సెలవు పెట్టి, తండ్రికి చెప్పకుండా సుచిత్ర బస్సెక్కింది. ఆఫీసు ఒక మిఠాయి దుకాణం మీది అంతస్తులో ఉంది. క్లెయిముల టేబులు దగ్గర సుశీల అనే పెద్దావిడ కూర్చుని ఉంది. శ్రీజ కాగితం చూపించి, ఇది తప్పు పడ్డట్టుంది మేడం అంది. ఆవిడ కాగితం చూసి, తప్పు కాదని తల అడ్డంగా ఊపి, కుర్చీ చూపించింది. పెన్సిలు తీసుకొని తెల్ల కాగితం మీద ఇల్లు బొమ్మ గీసింది.

ఏ ఇన్సూరెన్సులోనైనా నష్టంలో మొదటి కొంత భాగం ఇంటి యజమాని మోయాలి, దాని మీద మిగిలింది కంపెనీ ఇస్తుంది, ఆ మొదటి భాగమే డిడక్టిబుల్ అని చెప్పింది. నిప్పంటుకుంటే, పిడుగు పడితే ఈ పాలసీలో అది పదివేలే. గాలివాన సంగతి వేరు. నిప్పు ఒక ఇంటికి అంటుకుంటుంది, గాలి ఒక్క రోజులో వెయ్యి ఇళ్ల కప్పులు లేపుతుంది. అందుకని తుఫానుకు, పెనుగాలికి యజమాని వాటా ఎక్కువ పెట్టారు. అయిదు శాతం.

లక్షా డెబ్బైలో అయిదు శాతం ఎనిమిదిన్నర వేలే అవుతుంది కదా అంది శ్రీజ. దారి పొడుగునా ఆ లెక్కే చేసుకుంటూ వచ్చింది.

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. నష్టం మీద కాదు అయిదు శాతం. ఇంటిని ఎంతకు ఇన్సూర్ చేశారో, ఆ మొత్తం మీద" అని, సుశీల బొమ్మ ఇంటి మీద నలభై అని రాసింది. "నలభై లక్షల్లో అయిదు శాతం రెండు లక్షలు. నష్టం రెండు లక్షలు దాటితేనే మేము ఇవ్వడం మొదలవుతుంది. మీది దాటలేదు."

ఇల్లు మొత్తం కూలిపోయి ఉంటే మాత్రం ఎక్కువ రాసిన దానికి ఎక్కువ వచ్చేదా అని శ్రీజ అడిగింది. రాదంది సుశీల. మళ్లీ కట్టడానికి నిజంగా ఎంతవుతుందో అంతవరకే ఇస్తారు. ఇన్నేళ్లు ఎక్కువ ప్రీమియం కట్టడం తప్ప దాని వల్ల ఒరిగిందేం లేదు. ఏజెంటు చెప్పి ఉండాల్సింది అని గొంతు తగ్గించి అంది.

శ్రీజ చాలాసేపు ఆ పెన్సిలు బొమ్మను చూసింది. అడగకుండా లేచిపోతే బాగుండు అనుకుంటూనే అడిగింది.

"ఇరవై రాసి ఉంటే ఎంతొచ్చేది మేడం?"

సుశీలకు లెక్క వేయడానికి యంత్రం అవసరం లేకపోయింది. ఇరవైలో అయిదు శాతం లక్ష. లక్షా డెబ్బైలోంచి లక్ష పోను డెబ్బై వేలు చేతికొచ్చేవి. "నలభై అని ఎవరు రాయించారమ్మా?" అంది. మా బాపు అని మాత్రం చెప్పి శ్రీజ లేచింది.

డెబ్బై వేలు. పైపులు, రేకులు, సిమెంటు, పిల్లర్ల ఇనుము. కూలి ఎలాగూ ఆయనదే. తండ్రి పదిసార్లు వేలు మడిచి లెక్క పెట్టి చెప్పిన ఖర్చు సరిగ్గా అరవై ఎనిమిది వేలు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఇది ఆయనకు ఎట్లా చెప్పాలో ఆలోచించింది. నువ్వు అమ్మ కూలి రాయించకపోయి ఉంటే అమ్మ గోడ నిలబడేది. ఇంతే. ఎటు తిప్పినా ఇదే మాట అవుతున్నది. మేడ్చల్ వచ్చేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది.

ఆ సాయంత్రం అన్నం తినేటప్పుడు, గాలికి ఇన్సూరెన్స్ రాదంట బాపు అంది.

యాదగిరి చేతిలో ముద్ద ఆగింది. గాలికి రాకపోతే దేనికొస్తుందని అడిగాడు. నిప్పుకు, పిడుగుకు అని చెప్పింది. కుమార్ అన్నిటికీ వస్తుందన్నాడు కదా, నువ్వు కూడా విన్నావు కదా అన్నాడు. విన్నాను గానీ కాగితంలో అట్లా లేదంది. కళ్లెత్తి చూడకుండానే అంది. ఆయన మెల్లగా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"అయితే ఆ పొద్దు పిడుగు పడాల్సుండె" అన్నాడు.

తర్వాతి రోజులు ఆయన పైసల కోసం తిరిగాడు. దుండిగల్‌లో పని ఇచ్చే కాంట్రాక్టరు బిల్లులు రాలేదు, ఆషాఢం పోనీ అన్నాడు. శ్రీజ తన షాపు యజమానిని అడిగితే ఒక నెల జీతం ముందిస్తానన్నాడు, పదకొండు వేలు. పాత ఫ్లెక్సీ బ్యానర్లు రెండు తెచ్చి, యాదగిరి గోడ నెత్తి మీద కప్పి తాళ్లతో కట్టాడు. కింది నుంచి చూస్తే ఎవరో నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు తలకిందులుగా కనిపించేవి. విజయమ్మ రెండు మూడు రోజులు ఆగి, నీ ఇన్సూరెన్స్ ఎక్కడిదాక వచ్చింది మేస్త్రీ, మేడ్చల్ దాటిందా అని అడిగింది. యాదగిరి ఊడిన తాడుకు ఇంకో ముడి వేసుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

జూన్ మొదట్లో, మిరుగు కార్తె రోజు వాన కొట్టింది. పొద్దున లేచి చూస్తే ఫ్లెక్సీ ఒక పక్క చిరిగి ఉంది, నీళ్లు మూలల్లో దిగి గోడ ఇంకో రెండు వేళ్లు ఒరిగింది. ఇటుక పెళ్ల ఒకటి ఊడి విజయమ్మ వంటింటి రేకు మీద పడింది. చప్పుడుకు శ్రీజ బయటికి వచ్చేసరికి విజయమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడూ మేస్త్రీ అని పిలిచే మనిషి, ఆ పొద్దు అట్లా పిలవలేదు.

"అన్నా, శివమ్మ అంటే నాకేందో నీకెర్కే. నా పెద్దాపరేషన్ అప్పుడు నెల రోజులు నాకు బువ్వ బెట్టిన మనిషి. గని ఆ గోడ కింద తిరిగేది నేను."

యాదగిరి తల ఊపాడు. రెండు రోజులు టైమియ్యి అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పనికి పోతున్నానని చెప్పి వెళ్లాడు. ఆయన పోయిన తర్వాత శ్రీజ చూసింది, తాపీ, గుండు ఉండే సంచి గోడ మేకుకే వేలాడుతోంది. బీరువా తెరిచి చూస్తే పాలసీ కాగితాలు పెట్టే ప్లాస్టిక్ కవరు లేదు. ఎక్కడికి పోయాడో అర్థమైంది. ఫోను చేతిలోకి తీసుకుంది. ఏమని ఆపాలి. షాపుకు పోయి, ఆ రోజంతా వచ్చినవాళ్లకు కాపీలు తీసి ఇచ్చింది. ఒకరి ఆధార్ కాగితం ఇంకొకరికి ఇచ్చి తిట్లు తిన్నది.

యాదగిరి దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. మిఠాయి డబ్బా చిన్నది ఒకటి తెచ్చి, నీకిష్టమని తెచ్చిన అన్నాడు. డబ్బా మీద సుచిత్రలోని దుకాణం పేరుంది. ఇద్దరూ చెరొకటి తిన్నారు.

తెల్లవారి సుత్తి చప్పుడుకు శ్రీజకు మెలకువ వచ్చింది. పైకి ఎక్కి చూస్తే యాదగిరి గోడ పక్కన స్టూలు వేసుకొని, పై వరస నుంచి ఒక్కో ఇటుకా తీస్తున్నాడు. మొత్తం గోడను లోపలికి లాగి పడేస్తే అరగంట పని, ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. కింద విజయమ్మ వంటింటి రేకుల మీద గోనెసంచులు పరిచి ఉన్నాయి. ఆమె, ఆయన కలిసి పరిచి ఉంటారు.

శ్రీజ దగ్గరికి పోయి చేతులు చాపింది. చదువుకునే చేతులని ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఎవరూ ఆమెను ఇటుక ముట్టనియ్యలేదు. యాదగిరి ఒక్క క్షణం చూసి, చేతిలో ఉన్న ఇటుక అందించాడు. ఆమె తీసుకొని మూలకు పేర్చింది. కొంతసేపు అట్లా పని నడిచింది.

ఇటుకలు సులువుగా రావడం లేదు. ఉలి పెట్టి కొడితే ఇటుక రెండు ముక్కలయ్యేది, మాలు మాత్రం పట్టు వదిలేది కాదు. యాదగిరి పగిలిన ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"చూడు బిడ్డా. ఇటుక ఇరుగుతాంది గని మాలు ఇడుస్తలేదు. గింత గట్టి పని నేను గూడ జెయ్యలే" అన్నాడు. మళ్లీ, గోడ వదిలింది మూలల్లోనే అన్నాడు. మూడు గోడలు తాను ముందే కట్టేసి, నాలుగోది కలిసేందుకు మూలల్లో ఇటుకలు బయటికి వదలాల్సింది. ఆమె కట్టేది ఆడుకోవడానికేలే అనుకొని వదల్లేదు. ఆమె గోడ ఆమెది నిలబడ్డది. పట్టుకోవాల్సిన చోట తన గోడలే పట్టుకోలేదు.

శ్రీజ ఇక ఆగలేకపోయింది. "బాపు, ఆ రోజు నేను అబద్ధం..."

"ఎర్కే." ఆయన ఉలి పక్కన పెట్టాడు. "నా కోసమే అన్నవ్. ఆ మేడం మంచిది. రెండు సార్లు లెక్క జేయించుకున్న. మొదటిసారి నాకు సమజ్ గాలే. రెండోసారి అయింది."

ఆయన స్టూలు దిగి నీళ్లు తాగాడు. ఈ నెల ఇరవై రెండున పాలసీ మళ్లీ కట్టాలని, అంకె మార్చాలంటే ఇప్పుడే మార్చుకోవాలని మేడం చెప్పిందట. ఫారం కూడా ఇచ్చిందట. కవరులో ఉంది, పెన్ను కూడా పట్టుకొని రమ్మన్నాడు. శ్రీజ తెచ్చింది. పేర్చిన ఇటుకల మీద కాగితం పెట్టుకొని కూర్చుంది. ఇంటి విలువ అన్న చోట గడి ఖాళీగా ఉంది.

"ఉండనీ బాపు, నలభైయే ఉండనీ. ప్రీమియం నేను కడత" అంది. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

యాదగిరి గోడ దిక్కు చూడలేదు. బిడ్డ దిక్కు కూడా చూడలేదు. రెండు చేతుల దుమ్మూ దులుపుకున్నాడు.

"మీ అమ్మ కూలి తీసెయ్ బిడ్డా."

శ్రీజ పెన్ను మూత తీసింది. ఆయనే మళ్లీ అన్నాడు, ఇరవై కూడా రాయొద్దని. మేడం పదిహేడు రాయమన్నదట, పై గది ఇక లేదు కదా.

పదిహేడు లక్షలు అని అంకెల్లో రాసి, అక్షరాల్లో రాసింది. రాత గుండ్రంగా రాలేదు. సంతకం చేసే ముందు యాదగిరి ఒక్కసారి ఆగి, ఇప్పుడు గాలివానొస్తే మనకు పడే వాటా ఎంత అని అడిగాడు. ఎనభై అయిదు వేలు అని చెప్పింది. తక్కువే కదా అన్నాడు. తక్కువే అంది. కొత్త పని నేర్చుకున్నవాడు తన లెక్క సరిపోయిందని తెలిసినప్పుడు ఊపినట్టు తల ఊపి, సంతకం చేసి, పెన్ను ఆమెకు ఇచ్చాడు.

తర్వాత లేచి మళ్లీ స్టూలు ఎక్కాడు. గోడ ఆయన ఛాతీ ఎత్తున ఉంది. ఇంకా ఇరవై వరసలుంటాయి. శ్రీజ కాగితం మడిచి కవరులో పెట్టి, చున్నీ నడుముకు బిగించి కట్టుకొని వచ్చి చేతులు చాపింది. ఉలి మీద సుత్తి పడింది. మాలు వదల్లేదు. ఆయన ఇంకో దెబ్బ వేశాడు.